రిమ్ముకు గ్రీజు పూసిన మనిషి

ఎడమ చెయ్యి నా నెత్తిమీద పెట్టుకొని కుడిచేత్తోటి రాస్తున్న. ఇందుల ఒక్క ముక్క అబద్ధం లేదు. నారాయణఖేడ్‌ల నా మాటకు ఎంత విలువున్నదో నాకు ఎరుకే. నేను వాన వస్తదంటే ఊరోళ్ళు వడియాలు ఎండకు పెట్టుకుంటరు. కల్హేర్ అంగడిల ఉర్దూ మాట్లాడే కోడిపుంజును చూసిన అని పదేండ్ల సంది చెప్తున్న, దాన్ని ఇయ్యాల వాపస్ తీసుకుంటున్న. కంగ్టిల గాలికి ఎగిరి కర్ణాటకల దిగిన రేకుల ఇల్లు ముచ్చట గూడ వాపస్. ఇంత ఆస్తి వదులుకొని అడుగుతున్న, ఈ ఒక్కటి నమ్మండి.

పోయిన నెల ఒకనాడు పొద్దుగాల బస్ డిపో ముంగట చాయ తాగుతుంటే, "బెండు మామ పోయిండట" అన్నరు ఎవరో. నా చూపు ముందుగాల నా కాళ్ళ దిక్కు పోయింది. ఎందుకు పోయిందో ఆఖరుకు చెప్త.

ఆయనకు అసలు పేరు ఒకటి ఉండె. గని ఊరు దాన్ని ఎన్నడో మరిచిపోయింది. ఇప్పుడు నేను ఆ పేరు చెప్తే వేరే మనిషి ముచ్చట అనుకుంటరు. అందుకని చెప్తలేను.

డిపో రోడ్డు మీద రేకుల కొట్టంల ఆయన సైకిల్ దుకాణం. ముంగట నీళ్ళ తొట్టి, దూలానికి పాత టైర్లు. పంక్చర్లు, చైన్లు, బ్రేకులు అన్నీ చూసెటోడు గని ఆయన చెయ్యి ఆడేది ఒక్క పని మీదనే. వంకరపోయిన రిమ్మును సీదా చేసుడు. దాన్నే బెండు తీసుడు అంటరు. మా నల్లరేగడి ఎండకాలం పగులుతది, వానకాలం మింగుతది. ఆ బాటల మీద ముగ్గురేసి ఎక్కి తిరిగే సైకిళ్ళకు నెలకొక బెండు తప్పదు. మామ చక్రాన్ని తిప్పి, రిమ్ము పక్కన సుద్దముక్క కదలకుండ పట్టుకునెటోడు. ఎక్కడ వంకర ఉంటే అక్కడ సుద్ద అంటేది. అప్పుడు స్పోకు కీ తీసెటోడు. ఈ దిక్కు స్పోకు పావు తిప్పు బిగించుడు, ఆ దిక్కుది పావు తిప్పు వదులు చేసుడు, మళ్ళ తిప్పి చూసుడు. ఆఖరుకు స్పోకులన్నిటి మీద వేలు గుంజి చెవి పెట్టి ఇనెటోడు. అన్నీ ఒక్క తీరుగ మోగితే, "అయిపోయింది, తీస్కపో" అనెటోడు. ఒకటి బేసుర్‌గ మోగిందా, మీరు అయ్యగారైనా పట్వారీ అయినా ఇంకో గంట అక్కడ కూసోవాల్సిందే.

చక్రాల ముంగట కూసొని కూసొని ఆయన నడుము అట్లనే నిలిచిపోయింది. లేచి నిలవడ్డా చెప్పు పట్టీ పెట్టుకుంటున్నట్టే ఉండెటోడు. ఊరందరి బెండు తీసెటోడు తన బెండు తీసుకోలేకపోయిండని ఎక్కిరిస్తే, "దేవుడు నాకు స్పోకులు పెట్టలే గద" అనెటోడు. మొఖం చూడాలంటే మెడ పక్కకు తిప్పి కోడి లెక్క పైకి చూడాలె. అందుకని మొఖాలు చూసుడే మానేసిండు. కాళ్ళను చూసి మనిషిని చెప్పెటోడు. ఎవరి ఎడమ చెప్పు ఎక్కువ అరుగుతదో, ఎవరి బొటనవేలు గోరు ఊడిందో, ఎవరింట్ల కొత్త చెప్పులు ఎవరు తొడుక్కొని తిరుగుతున్నరో ఆయనను అడగాలె.

నేనైతే కాళ్ళు కనబడకముందే దొరికిపోయెటోన్ని. అప్పుడు నాకు ఇరవై రెండేండ్లు. బీదర్‌ల కుట్టిచ్చిన తోలు చెప్పులు, ఒక్కొక్క మడమకు మూడేసి ఇనుప మొలలు. నేను వస్తుంటే గుర్రం వస్తున్నట్టు చప్పుడు. అసొంటి జత ఖేడ్ మొత్తంల నా ఒక్కనికే ఉండె. ఆ సంగతి ఊరంత చాటింపు వేసింది గూడ నేనే.

మామకు ఇంగ్లీషుల ఒక్కటే మాట వచ్చు. రిమ్ము, స్పోకు, బ్రేకు, ఇవన్నీ ఆయన లెక్కల మన మాటలే. బెండ్ ఒక్కటే లండన్ నుంచి వచ్చిందని ఎవరో చెప్పిండ్రు. అప్పటి సంది మనిషి పరేషాన్. నలభై ఏండ్ల సంది తీస్తున్నదేందో, అది ఎవరింటి పిల్లనో ఎరుక లేకుంటె ఎట్ల అని. ఇగ దుకాణం మీద ఒక రివాజు పెట్టిండు. బెండ్ అన్న మాటకు కొత్త మతలబు, అంటే కొత్త అర్థం, తెచ్చినోళ్ళ చక్రం పైసా తీసుకోకుండ ఫుకట్‌ల సీదా చేస్తడు.

డిపో డ్రైవర్ ఒకాయన, గుట్టల రోడ్డు మీద మలుపును బెండ్ అంటరు, ముంగటనే బోర్డు పెడ్తరు అని చెప్పి ఒక చక్రం చేయించుకున్నడు. నల్లాలు పెట్టేటాయన, పైపు మూల తిరిగే కాడ తగిలిచ్చే వంకర ముక్క పేరు బెండ్ అన్నడు. అదీ చెల్లింది. బడి డ్రిల్లు మాస్టర్ దుకాణం ముంగట వంగి కాలివేళ్ళు పట్టుకొని చూపిచ్చిండు. దినమంతా నేను చేసేది గిదే గద, దీనికి నీకు జీతమిస్తరా అని మామ అడిగిండు. దఫ్తర్ గుమస్తా ఒకాయన వచ్చి, అవసరం పడితే రూలును గూడ బెండ్ చేస్తరని చెప్పిండు. మామ చేతిల కీ ఆగిపోయింది.

"వంచినంక మళ్ళ సీదా చేసెటందుకు మీ దఫ్తర్‌ల ఏం కీ ఉన్నది?" అని అడిగిండు.

మామ గుమస్తా చక్రం చేసిచ్చిండు గని ఆ మతలబును మాత్రం ఎవ్వరికీ తిరిగి చెప్పలే.

అందరికంటె పెద్ద గిరాకీ మిషన్ బడి టీచరమ్మ. ఊర్ల లేడీస్ సైకిల్ ఆమెది ఒక్కటే, ఇంగ్లీషు డిక్షనరీ గూడ ఆమె కాడ ఒక్కటే. ఆమె రెండు మతలబులు తెచ్చింది. ప్రార్థనల మోకాలు వంచుడు ఒకటి. మామకు అది నచ్చింది. రెండోది, ఓడల మీద పనిచేసెటోళ్ళు ఒక తాడును ఇంకో తాడుకు ముడేస్తే ఆ ముడిని గూడ బెండ్ అంటరట. అది ఇన్న దినం నుంచి మామకు అన్నం సయించలే. వంచుడు ఒక పని, కట్టుడు ఇంకో పని, రెంటికి ఒకటే మాట ఎట్లయితది అని కనబడ్డ ప్రతి కాళ్ళ జతను అడిగిండు. టీచరమ్మ పుస్తకంల మాటలకు అర్థాలుండె గని అవి ఏడికెల్లి పుట్టినయో ఉండకపోయె. పట్నం పోయినప్పుడు పెద్ద పుస్తకంల చూసి చెప్తనని ఆమె మాటిచ్చింది.

ఇగ నా సంగతి. ఇంటర్ ఇంగ్లీషు మూడుసార్లు తప్పినోన్ని. నా కాడికెల్లి మతలబు రావాలంటే కల్పించుడు తప్ప వేరే తొవ్వ లేదు. నా సైకిల్ ఏమో వారానికొకసారి వంకరపోయేది. లండన్‌ల జిలేబిని డబల్ బెండ్ అంటరని చెప్పిన. బర్రె కొమ్మును బెండ్ అంటరని చెప్పిన. రాణి ముక్కుకు కొద్దిగ బెండ్ ఉన్నదని, అందుకే ఆమె బొమ్మను పక్కకెల్లి తీస్తరని చెప్పిన. అట్ల తొమ్మిది. ప్రతిసారి మామ "ఊ" అని సుద్దముక్క తీసెటోడు. వారం గడిచినంక నేను ఇంకో వంకర చక్రం, ఇంకో మతలబు పట్టుకొని దిగెటోన్ని.

పదోసారి నా కాడ సరుకు అయిపోయింది. చక్రం ఆయన చేతిల పెట్టిన గని నోట్లకెల్లి ఏమీ వస్తలేదు. గోడకు పిల్లల ఆట విల్లు ఒకటి, టైరు తీగతోటి కట్టింది, వేలాడుతుంటే దాని మీద నా కన్ను పడ్డది.

"మామా, వెనకట ఇంగ్లీషోళ్ళు విల్లుకు నారి కట్టుడునే బెండ్ అనెటోళ్ళు. కట్టుడే అసలు మతలబు. నారి గట్టిగ గుంజి కడితే కట్టె వంగుతది గద. చూసెటోళ్ళు కట్టింది మరిచిపోయి వంగిందే చూసిండ్రు. అట్ల ఆ మాట వంగుడు మీదికి పోయింది."

నాకే నవ్వొచ్చి మొఖం పక్కకు తిప్పుకున్న. మామ నవ్వలే. నా చక్రం మీద ఒక స్పోకును మీటి, అది మోగుడు ఆగెదాక ఇన్నడు.

"కట్టి ఉంటెనే పిల్లగా, ఏదైనా దాని తీరుల ఉండేది" అన్నడు. "విల్లును కడితే వంగుతది. చక్రాన్ని కడితే సీదా అయితది. ఇన్నేండ్లు బెండు తీస్తున్న అనుకున్న. తీస్తలేను. కడుతున్న."

ఆ దినం ముంగటి చక్రంతో పాటు నేను అడుగకుంటెనే వెనక చక్రం గూడ సరిచేసి ఇచ్చిండు. నాకు సిగ్గనిపించింది. ఎక్కువ కాదు, డిపో దాటేదాక.

ఆ ఎండకాలమే ఖేడ్‌కు నాన్‌స్టాప్ సైకిలాయన వచ్చిండు. ఈ కాలపోళ్ళకు ఎరుకుండదు గని అప్పట్ల అది పెద్ద తమాషా. మైదానంల గుండ్రంగ సున్నంతోటి గీత గీసి, ఏడు దినాలు దాని మీద సైకిల్ దిగకుండ తిరుగుడు. తిండి, తానం, గడ్డం గీసుకునుడు అన్నీ సైకిల్ మీదనే. కాలు నేలకు తాకిందంటే లెక్క మళ్ళ మొదటి దినం నుంచి. బీదర్ దిక్కు మనిషి, సన్నగ చెరుకుగడ లెక్క ఉన్నడు. భార్య డేరా కింద మైకు పట్టుకొని, చంకల పిల్లనెత్తుకొని, ఊరి పెద్దల పేర్లన్నీ తప్పుగ చదువుతుండె.

మొదలయ్యే ముందటి దినం ఆయన సైకిల్‌ను మామ కాడికి తెచ్చిండు. మామ రెండు చక్రాలు ఇప్పి, కట్టి, మీటి, మళ్ళ మీటి, మధ్యాహ్నానికి పని ముగిచ్చిండు. పొద్దుగూకేదాక ఆ సైకిల్ దుకాణం ముంగటనే నిలవెట్టి ఉండె, ఊరోళ్ళు వచ్చి బొమ్మను చూసినట్టు చూసిపోయిండ్రు.

మరునాడు మైదానంల మామను గూడ మాట్లాడుమన్నరు. మైకు కట్టెను ఆయన నోటి ఎత్తుకు దించిండ్రు. ఎవ్వరూ అడుగని మాట ఒకటి అన్నడు మనిషి.

"ఏడు దినాల్ల ముంగటి చక్రం బెండు వస్తే నా కీ బావిల ఏస్త. దుకాణం బంద్."

బావి మైదానం పక్కనే ఉండె.

నాలుగు దినాలు బాగనే గడిచినయి. సైకిలాయన తిరుగుతనే తలకు నీళ్ళు పోసుకున్నడు, తిరుగుతనే బిడ్డను ముద్దాడిండు. ఐదో దినం పొద్దు వాలేటప్పుడు నల్లటి మేక ఒకటి, ఎడమ చెవి తెల్లది, ఏడికెల్లి వచ్చిందో, గీతకు అడ్డం ఉరికింది. సైకిలాయన హ్యాండిల్ గుంజిండు. ముంగటి చక్రం డేరా గూటానికి తగిలింది. మనిషి పడలే గని చక్రం జంతిక లెక్క అయ్యింది. తిరిగినప్పుడల్లా రిమ్ము కడ్డీకి రాసుకొని కిర్రుమంటుంది, సైకిల్ ముందుకు పోక పక్కకు ఒరుగుతుంది. "మేక, మేక" అని అందరికంటె ముందు మొత్తుకున్నది నేనే. రాత్రికి ఆ మేక ఎవరిదో గూడ ఊరోళ్ళు తేల్చిండ్రు. ఆ ఇంటాయన మూడు దినాలు బయటికి రాలే.

సైకిలాయన దిగుతనన్నడు. భార్య మైకు పారేసి, దిగొద్దు దిగొద్దని కన్నడల మొత్తుకుంట పక్కన ఉరుకుతుంది. మళ్ళ మొదటి నుంచి ఏడు దినాలంటే ఆ మనిషి బతకడని ఆమె మొఖం చూస్తేనే తెలుస్తుంది. మైకుల మోగుతున్న పాట ఆపేసిండ్రు. ఊరంత మామ దిక్కు తిరిగింది. వెనకకెల్లి ఎవరో, "మామా, బావి గీడనే ఉన్నది" అన్నరు.

మామ సంచి భుజానికేసుకొని గీత లోపలికి వచ్చిండు. ఇద్దర్ని పిలిచి క్యారియర్ పట్టుకొమ్మన్నడు. కాలు నేలకు తాకొద్దన్నరు గని, పట్టుకోవద్దని ఎవరన్నరు? సైకిల్ నత్త నడకకు వచ్చింది. మామ ముంగటి చక్రాన్ని ఒకసారి పైనుంచి కిందిదాక చూసిండు. అప్పుడు చేసిండు ఆ పని. గ్రీజు డబ్బల వేలు ముంచి, రిమ్ముకు ఒక పక్క, నాలుగు వేళ్ళంత జాగల పూసిండు.

జనం మొఖాలు చూసుకున్నరు. రిమ్ముకు గ్రీజు పూసెటోడు లోకంల ఉంటడా? బ్రేకు జారుతది. మామే మాకు వందసార్లు చెప్పిండు ఆ మాట. ముసలాయనకు భయంతోటి మతి పోయిందన్నరు.

ఆ మీద సుద్దముక్క పండ్ల నడుమ పెట్టుకొని, కీ పట్టుకొని, సైకిల్ పక్కన నడుసుడు మొదలుపెట్టిండు. చక్రం తిరుగుతుంటెనే బెండు తీస్తున్నడు. అప్పుడు కండ్లు తెరిచినం మేమందరం. నిలువునున్న మనిషి ఎవడన్న ఆ పని చేయాలంటే రెండు నిమిషాలు వంగితే నడుము పడిపోతది. మామ వంగవలసిన పనే లేదు. ఆయన ముక్కు చక్రం ఇరుసుకు సరిగ్గ ఎదురుంగ ఉన్నది. నలభై ఏండ్లు దేవుడు ఆయన నడుమును ఆ సాయంత్రం కోసమే తయారు చేసి పెట్టినట్టున్నది. చక్రం ఒక తిప్పు తిరిగితే ఒక్క స్పోకు, పావు తిప్పు. ఇంకో తిప్పుకు ఇంకోటి. గీత మీద అట్ల పదకొండు చుట్లు. మైదానంల ఇన్ని వందల మంది ఉంటే వినబడేది రిమ్ము కిర్రుమనుడు ఒక్కటే. ఆరో చుట్టుకు కిర్రు సన్నబడ్డది. తొమ్మిదికి ఉండి ఉండి వచ్చింది. పదకొండో చుట్టుల ఆగింది.

మామ తిరుగుతున్న చక్రం స్పోకుల మీద గోరు ఆనిచ్చిండు. తంబూర మీద వేలు గుంజినట్టు ఒక్క తీరుగ మోగింది. చెవి పెట్టి ఇన్నడు.

"అయిపోయింది, తీస్కపో" అన్నడు సైకిలాయనతోటి.

ఏడో దినం సైకిలాయన దిగినప్పుడు మామకు గూడ దండ ఏసిండ్రు. వంగిన మెడల అది నిలువక ముంగటికి జారింది. తీసి ముంగటి చక్రానికి ఏసిండు.

దాని తర్వాత నెల దినాలు ఖేడ్‌ల జరిగింది ఇంకో తమాషా. గ్రీజులనే మహిమ ఉన్నదని ఊరు నమ్మింది. సైకిలున్న ప్రతివాడు రిమ్ములకు గ్రీజు పూసిండు. ఇగ బ్రేకు పడితే ఒట్టు. ఇద్దరు మోరిల పడ్డరు. డ్రిల్లు మాస్టర్ దిగుడు కాడ ఆగక సీదా పెంటకుప్పలకు పోయి, మనం ఇంతకు ముందు చెప్పుకున్న తీరుగనే వంగి లేచిండు. అందరి బెండ్లు మళ్ళ మామనే తీసిండు. గ్రీజు ఎందుకు పూసినవ్ మామా అంటే, "అది గా ఒక్క చక్రానికే" అనెటోడు. అంతకు మించి ఎన్నడూ చెప్పలే.

మామ పోయినంక మూడో దినం వాళ్ళింటికి పోయిన. అరుగు మీద టీచరమ్మ కూసొని ఉన్నది. నెత్తి తెల్లబడ్డది, చేతికి కట్టె వచ్చింది. నన్ను చూసి అడిగిన మొదటి మాట, "జిలేబి డబల్ బెండ్ చెప్పింది నువ్వే గద?"

మామ నేను చెప్పిన ప్రతి మతలబును ఆమె కాడికి తీస్కపోయి పుస్తకంల చూడుమనెటోడట. తొమ్మిది చూసిందట. తొమ్మిదీ లేవని చెప్పిందట. అబద్ధమని తెలిసీ ఎందుకు ఫుకట్‌ల చేస్తున్నవని అడిగితే ఆయన అన్నడట, "అబద్ధం పిల్లగాడు చెప్పిండు. చక్రమేం చేసింది టీచరమ్మా?"

"మరి పదోది?" అన్న.

"దాని కోసం నేను పట్నంల పెద్ద పుస్తకం దాక పోవాల్సి వచ్చింది. విల్లుకు నారి కట్టుడే. వంగుడు తర్వాత వచ్చింది. ఉన్నది, నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉన్నది. ఆయనకు చెప్తే ఎంత నవ్విండో. పదిట్ల ఒక్కటి నిజం చెప్పిండు, నా చక్రాలు వసూలైనయి అన్నడు."

అది ఎప్పటి ముచ్చట అని అడిగిన. ఆ ఏడు వానకాలంల అన్నది. అంటే సైకిలాయన వచ్చిపోయినంక. గ్రీజు డబ్బల వేలు ముంచిన దినం నేను మామ లెక్కల పదికి పది అబద్ధాలోన్నే.

ఇగ చెయ్యి నొప్పి పెడుతుంది, నెత్తిమీదికెల్లి దించుతున్న. విల్లు ముచ్చట కల్పించిన అనుకున్న, అది నిజమెల్లింది. మామ పదకొండు చుట్లు నడిచింది నిజం. గ్రీజు నిజం. మేక లేదు.

నల్లది లేదు, తెల్ల చెవి లేదు, చక్రం గూటానికి తగులుడు గూడ లేదు. ఐదో దినం ఆ చక్రం దాని అంతట అదే వంకరపోయింది. మేక అని నేను మొత్తుకున్న, ఊరు మేకను చూసింది. ముప్పై ఏండ్లయింది, ఆ ఇంటాయన ఇప్పటికీ మేకలు పెంచడు.

మొదలయ్యే ముందటి సాయంత్రం దుకాణం ముంగట సైకిల్ నిలవెట్టి ఉంటే, మామ చాయకు పోయింది చూసి, దాన్ని డిపో దాక తొక్కి చూద్దామని ఎక్కింది నేను. మలుపు కాడ బండరాయికి కొట్టింది నేను. చక్రాన్ని రెండు రాళ్ళ నడుమ పెట్టి, కాలుతోటి తొక్కి సీదా చేసినట్టు చేసి, మళ్ళ తెచ్చి నిలవెట్టింది నేను. కాలుతోటి తీసిన బెండు ఐదో దినానికి దాని గుణం చూపెట్టింది. తొక్కిన జాగల రిమ్ము మెరుపు మీద మూడు గీరలు పడ్డయి, వరుసగ, పక్కపక్కన. నా మడమ మొలలు. నాలుగు వేళ్ళంత జాగ.

మైదానంల ఊరంత చూస్తుంటే, బావి పక్కనే ఉండంగ, తన కీ, తన దుకాణం పోయే గడియల, మామ అన్నిటికంటె ముందు చేసిన పని ఆ మూడు గీరల మీద గ్రీజు పూసుడు. పూస్తున్నప్పుడు తల ఎత్తి ఎవ్వరి దిక్కూ చూడలే. నేను జనంల దాక్కున్న అనుకున్న. గని ఆయన ఎత్తుల నుంచి చూస్తే, ముంగటి వరుసల నా చెప్పులు కనబడుతనే ఉన్నయి.